తానీషా కోట, మీవాళ్లు, మావాళ్లు

1947 ఆగస్టు 15న మా మక్తల్ ఇండియాలో లేదు, నిజాం ఇలాకాలో ఉంది. ఇప్పుడు మాకూ అది జెండా పండుగే, సెలవే. ఆ సెలవునాడు పాలమూరు మీదుగా బస్సులో పోయి పిల్లలకు గోల్కొండ చూపించాను. 2014లో తెలంగాణ వచ్చాక సర్కారు తన మొదటి ఆగస్టు 15ను ఇక్కడే జరిపింది. జెండా వందనం ముగిసి జనం కోట ఎక్కుతున్నారు. బాలాహిస్సార్ దర్వాజా కింద చప్పట్లు కొడితే పైదాకా వినిపిస్తుంది కదా, పిల్లలు అక్కడే ఆగిపోయారు.

పక్కనున్న పెద్దమనిషి నా టోపీ చూసి, "మీవాళ్ల కోటనే గద సాబ్, మీకే బాగ తెలుస్తది" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కానీ ఎవరు ఈ మావాళ్లు?

1518 నుంచి కుతుబ్‌షాహీలు ఏలారు. ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకే అంకితమిచ్చాడు. చివరి సుల్తాన్ తానీషాకు వజీరు మాదన్న, బ్రాహ్మణుడు. రామదాసు జైలు చూపించే గైడు ఆ మాదన్న పేరే ఎత్తలేదు.

1687లో ఈ కోటను పట్టింది ఔరంగజేబు. ఎనిమిది నెలల ముట్టడి. బ్రాహ్మణుల చేతికి రాజ్యమిచ్చాడన్నది తానీషా మీద మోపిన నేరాల్లో ఒకటి. లంచం తిని దర్వాజా తెరిపించింది అబ్దుల్లా ఖాన్ పన్నీ. ఒళ్లంతా గాయాలతో కొట్లాడింది అబ్దుర్ రజాఖ్ లారీ. కొట్టినవాడూ, ఓడినవాడూ, అమ్ముడుపోయినవాడూ, నెత్తురోడ్చినవాడూ ముస్లింలే. బళ్లో నన్ను ఔరంగజేబని ఏడిపించిన దోస్తులు ఈ పాఠం చదవలేదు. పుస్తకంలో ఉంటే గదా!

మా తాత మక్తల్‌లో దూది ఏకి పరుపులు కుట్టినవాడు. ఏ సుల్తాన్ దివాణంలోనూ ఆయనకు చాప పరచలేదు. కానీ రాజుల బాకీ ఎప్పుడూ ఇలాంటి వాళ్ల దగ్గరే వసూలవుతుంది. 1948 సెప్టెంబర్ పోలీసు చర్యలో నిజాం లొంగిపోయి రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. చచ్చింది ఊళ్లలోని మామూలు సాయిబులు. సంస్థానమంతటా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది అని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటికి రానివ్వలేదు.

పెద్దమనిషికి ఇదంతా చెప్పలేదు. మాదన్న సంగతి మాత్రం చెప్పాను. "బ్రాహ్మణుడా? తానీషా దగ్గరనా?" అన్నాడు. మెట్లెక్కుతూ పైన మహంకాళి గుడి దాకా అడుగుతూనే ఉన్నాడు.