స్తంభం మీది సిమియోను: నిలకడకూ మొండితనానికీ మధ్య

క్రైస్తవ సన్యాస చరిత్రలో స్తంభవాసి సిమియోనుది విలక్షణమైన స్థానం. క్రీ.శ. ఐదవ శతాబ్దంలో, ఉత్తర సిరియాలో, అంతియొకయ నగరానికి తూర్పున ఉన్న ఒక కొండ మీద ఆయన ముప్పై ఏళ్ళకు పైబడి రాతి స్తంభం మీదే జీవించాడు. ఎండకూ వానకూ మంచుకూ పైన చూరు లేదు. పండుగ రాత్రుల్లో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా చేతులు పైకెత్తి నిలబడి ప్రార్థించేవాడు. 459లో ఆ స్తంభం మీదే కన్నుమూశాడు. ఆయన బతికి ఉండగానే మొదలైన భక్తి ఇప్పటికీ ఆగలేదు. బైజాంటియన్ సంప్రదాయానికి చెందిన సంఘాలు సెప్టెంబరు 1న ఆయన్ని స్మరిస్తాయి. ఆ సంప్రదాయంలో సంఘ సంవత్సరాది కూడా ఆ రోజే.

ఇంతటి పట్టుదలను లోకం మెచ్చుకోవటంలో వింత లేదు. కాని ఆయన్ని గౌరవించినవాళ్ళే ఆ పట్టుదలను పదే పదే పరీక్షకు పెట్టారు. నిలకడ ఎక్కడ ముగుస్తుంది, మొండితనం ఎక్కడ మొదలవుతుంది అన్న ప్రశ్న ఆయన చరిత్రల్లో మొదటినుంచీ వినిపిస్తుంది. ఈ వ్యాసంలో పరిశీలించదలచింది ఆ ప్రశ్ననే.

ఆధారాలు, భాషలు

సిమియోను జీవితానికి ప్రధానమైన ఆధారాలు మూడు. మొదటిది కుర్రుస్ పట్టణ బిషప్పు థియొడొరెట్ గ్రీకులో రాసినది. ఆయన సిమియోనును స్వయంగా చూశాడు. సిమియోను జీవించి ఉండగానే, సుమారు 444లో, తన గ్రంథంలో ఆయనకు ఒక అధ్యాయం కేటాయించాడు. రెండవది సిమియోను మరణించిన కొద్దికాలానికే సిరియాక్ భాషలో వెలువడిన చరిత్ర. 473లో రాసిన దాని ప్రతి ఒకటి వాటికన్ గ్రంథాలయంలో ఉంది. మూడవది, తాను శిష్యుడినని చెప్పుకున్న ఆంటోనియస్ గ్రీకులో రాసినది. ఈ మూడింటినీ రాబర్ట్ డోరన్ ఇంగ్లీషులోకి అనువదించి 1992లో ఒకే సంపుటంగా ప్రచురించాడు.

సిమియోను మాతృభాష సిరియాక్. అది అరమాయిక్‌లో ఒక రూపం. పల్లెల్లో ఆ భాష నడిచేది. నగరాల్లో, విద్యలో, రాజ్యవ్యవహారాల్లో గ్రీకుది పైచేయి. ఇంట్లో ఒక భాష, కచేరీలో ఒక భాష అన్న పరిస్థితి మన పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. సిరియాక్ కూడా మన దేశానికి బొత్తిగా పరాయిది కాదు. కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఆరాధనలో అది శతాబ్దాలుగా ఉంది.

మొదటి పరీక్ష: మఠం

సిమియోను సుమారు 390 ప్రాంతంలో సిరియా, కిలికియ సరిహద్దులోని ఒక గ్రామంలో పుట్టాడు. చిన్నతనంలో తల్లిదండ్రుల గొర్రెలు కాసేవాడు. మంచు కురిసి మంద కదలని ఒక రోజు చర్చికి వెళ్ళి, కొండమీది ప్రసంగంలోని ధన్యవచనాలు విన్నాడట. వాటి అర్థం ఏమిటని ఒక పెద్దాయనను అడగటంతో ఆయన సన్యాస జీవితం మొదలైందని థియొడొరెట్ రాశాడు.

తరువాత తెలెద అనే చోట ఉన్న మఠంలో చేరి సుమారు పదేళ్ళు గడిపాడు. తోటి సన్యాసులు రెండు రోజులకొకసారి భోంచేస్తే ఆయన వారానికొకసారి తినేవాడు. ఒకప్పుడు తాటినారతో పేనిన ముతక తాడును నడుముకు బిగించుకున్నాడు. అది చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగి పుండు చేసింది. మఠాధికారులు ఆయన్ని మెచ్చుకోలేదు సరికదా, అంత శక్తి లేనివాళ్ళు చూసి అనుకరిస్తే వాళ్ళకు హాని కలుగుతుందని ఆయన్ని వెళ్ళిపొమ్మన్నారు. ఆయన వెళ్ళి ఒక ఎండిన బావిలో దిగి కూర్చున్నాడు. కొన్నాళ్ళకు వాళ్ళే పశ్చాత్తాపపడి వెతికించి, పైకి తీయించారు. మఠాధికారులది అసూయ అని థియొడొరెట్ ఎక్కడా అనలేదు. సమష్టి జీవనంలో ఒకరి తీవ్రత మరొకరికి భారం కాగూడదన్న వాళ్ళ వాదం న్యాయమైనదే.

రెండవ పరీక్ష: గొలుసు

మఠం వదిలిన సిమియోను తెలనిస్సోస్ గ్రామానికి చేరి మూడేళ్ళు ఒక చిన్న గుడిసెలో ఉన్నాడు. ఆపైన దగ్గరలోని కొండ ఎక్కి, చుట్టూ ఒక ప్రాకారం కట్టించుకుని, ఇరవై మూరల ఇనుప గొలుసు ఒక కొసను బండకూ, రెండో కొసను తన కుడికాలికీ తగిలించుకున్నాడు. ఆ హద్దు దాటగూడదన్నది ఆయన సంకల్పం.

మెలేషియస్ అనే క్రైస్తవ పెద్ద అక్కడికి వచ్చి చూశాడు. మనసుకు వివేకం ఉంటే అదే బంధం. ఇక ఇనుముతో పని లేదన్నది ఆయన సలహా. సిమియోను వాదించలేదు. కమ్మరిని పిలిపించి గొలుసు తీయించుకున్నాడు. ఇనుము ఒరుసుకోకుండా కాలికి చుట్టిన తోలుపట్టీని విప్పితే దాని కింద ఇరవైకి పైగా నల్లులు కనబడ్డాయట. ఆయనకు వాటిని నలిపేయటం సులువే అయినా కదలకుండా భరించాడని థియొడొరెట్ ఆశ్చర్యపడతాడు. మన చర్చకు ముఖ్యమైనది నల్లుల కథ కాదు, గొలుసు తీసిన తరువాత కూడా సిమియోను అక్కడినుంచి కదలకపోవటం.

మూడవ పరీక్ష: దిగిరమ్మన్న ఆజ్ఞ

ఆయన కీర్తి పెరిగి జనం విరగబడ్డారు. ఒంటిని తాకాలనీ, తోలు వస్త్రంలో పీలికైనా దక్కించుకోవాలనీ తోసుకొచ్చేవారు. ఆ గౌరవం మితిమీరినదనీ, ఆ తాకిడి భరించరానిదనీ తోచి ఆయన స్తంభం ఎక్కాడని థియొడొరెట్ చెప్పిన కారణం. మొదట 6 మూరలు, తరువాత 12, ఆపైన 22, చివరకు 36 మూరల ఎత్తు. మూర అంటే మన మూర వంటి కొలతే. 36 మూరలు సుమారు 54 అడుగులు. సిరియాక్ చరిత్ర చివరి స్తంభం 40 మూరలంటుంది.

అంతకుముందు ఎవరూ ఎరగని ఈ పద్ధతి అనుమానాలు రేపింది. ఆరవ శతాబ్ది చివర గ్రీకులో సంఘ చరిత్ర రాసిన ఇవాగ్రియస్ ఒక సంఘటన చెబుతాడు. ఎడారి సన్యాసులు ఒక దూతను పంపి, ఈ కొత్త దారి వదిలి వెంటనే కిందికి దిగమని ఆజ్ఞాపించారు. దూతకు రహస్యంగా చెప్పిన మాట వేరు: దిగటానికి సిద్ధపడితే ఆయన్ని అక్కడే ఉండనివ్వండి, మొండికేస్తే బలవంతంగా దింపండి. ఆజ్ఞ విన్న సిమియోను మారుమాట లేకుండా దిగటానికి పాదం ముందుకు చాపాడు. అది చూసి దూత ఆయన్ని అక్కడే ఉండిపొమ్మన్నాడు.

సిమియోను భక్తి సంప్రదాయానికి కీలకం ఈ కథలో ఉందని నా అభిప్రాయం. దిగటానికి సిద్ధంగా ఉన్నవాడికే నిలబడే అర్హత ఉందని ఆ పెద్దలు తీర్మానించారు. దిగలేనివాడు స్తంభానికి బందీ. దిగగలిగి కూడా నిలిచినవాడిది నిలకడ.

ఇదే ప్రశ్నకు మరో రూపం గాల్ దేశంలో కనబడుతుంది. ఆరవ శతాబ్దంలో వుల్ఫొలైక్ అనే లంబార్డు సన్యాసి సిమియోనును అనుకరిస్తూ ఆర్డెన్ అడవుల ప్రాంతంలో స్తంభం ఎక్కాడు. చలికి కాలిగోళ్ళు ఊడిపోయాయనీ, గడ్డం మీద నీరు గడ్డకట్టి వేలాడిందనీ తూర్స్ బిషప్పు గ్రెగరీకి తానే చెప్పుకున్నాడు. బిషప్పులు వచ్చి దిగమంటే దిగాడు. ఒక బిషప్పు ఆయన్ని వేరే చోటికి పిలిపించి, ఆ సమయంలో స్తంభాన్ని పగలగొట్టించాడు. వుల్ఫొలైక్ ఏడ్చాడు, కాని దాన్ని మళ్ళీ కట్టలేదు. మిగతా జీవితం తోటి సన్యాసులతోనే గడిపాడు. ఆయనది ఓటమి అని గ్రెగరీ రాయలేదు.

నిలబడటం, వినటం

సిమియోను అన్న పేరు హీబ్రూలో 'విను' అనే అర్థంగల ధాతువు నుంచి వచ్చింది. స్తంభం మీది జీవితంలో సగం వినటమే. మధ్యాహ్నం మూడు గంటలు దాటాక ఆయన జనానికి బోధించేవాడు, వారి విన్నపాలు ఆలకించేవాడు, తగవులు తీర్చేవాడు. సూర్యాస్తమయం నుంచి మళ్ళీ ప్రార్థన. వడ్డీని సగానికి తగ్గించుకోమన్న ఉపదేశం కూడా సిరియాక్ సంప్రదాయంలో నమోదైంది. పీటర్ బ్రౌన్ అనే చరిత్రకారుడు 1971లో ప్రచురించిన ప్రసిద్ధ వ్యాసంలో, ఇటువంటి సన్యాసులు గ్రామీణులకు పెద్దమనుషులుగా, మధ్యవర్తులుగా పనిచేశారని వాదించాడు. ఏ వర్గానికీ చెందని మనిషి తీర్పును ఇరుపక్షాలూ ఒప్పుకునేవి. ఎప్పుడు వెళ్ళినా ఆయన అక్కడే ఉంటాడన్న భరోసా కూడా ఈ విశ్వాసానికి ఒక కారణమై ఉండాలి.

వచ్చినవాళ్ళలో అరబ్బులు, పర్షియన్లు, అర్మీనియన్లు, ఐబీరియన్లు, దక్షిణ అరేబియాలోని హిమ్యరులు, పడమటినుంచి స్పెయిన్, బ్రిటన్, గాల్ దేశాలవాళ్ళు ఉన్నారని థియొడొరెట్ జాబితా ఇస్తాడు. రోమ్ నగరంలో పనివాళ్ళు తమ దుకాణాల వాకిళ్ళలో రక్షణకోసం ఆయన చిన్న బొమ్మలు పెట్టుకునేవారట. అయితే ఈ ఆదరణకు ఒక హద్దు ఉంది. స్త్రీలకు ప్రాకారంలోకి ప్రవేశం లేదు. ఈ లోటును దాచి ఆయన్ని పొగడటం చరిత్ర కాబోదు.

థియొడొరెట్ చెప్పిన మరో ముచ్చట. ఒకడు వచ్చి, "నువ్వు మనిషివేనా, శరీరం లేనివాడివా?" అని అడిగాడు. సిమియోను నిచ్చెన వేయించి అతన్ని పైకి రమ్మన్నాడు. చేతులు తడిమి చూడమన్నాడు; కాలిమీద మానని పుండును చూపించాడు. తనను దేవతగా చూడవద్దని ఇంతకంటె సూటిగా చెప్పటం కష్టం. థియొడొరెట్ వెంట వచ్చిన ఒకడు సిమియోను వంగి లేవటాలను 1244 దాకా లెక్కించి, అలసి లెక్క మానేశాడు. భక్తులు అంకెలు లెక్కించారు. ఆయన పుండును చూపించాడు.

మాటల్లో నిలకడ

తెలుగులో ఈ గుణానికి ఓర్పు, పట్టుదల, నిలకడ అనే మాటలున్నాయి. ఓర్పులో 'ఓర్చు', పట్టుదలలో 'పట్టు', నిలకడలో 'నిలు' ఉన్నాయి. ఈ మూడో ధాతువే తమిళంలో 'నిల్', కన్నడంలో 'నిల్లు'. తమిళంలో 'నిలై' అంటే స్థితి, కన్నడంలో 'నెలె' అంటే నివాసం, ఆధారం. నిలబడటం, నివసించటం, స్థిరపడటం ఒకే ధాతువు నీడలో ఉన్నాయి. గ్రీకు కొత్త నిబంధనలోని 'హుపొమొనే'కు ధాత్వర్థం 'కింద ఉండిపోవటం', అంటే బరువు వదిలి పారిపోకపోవటం. సిరియాక్‌లో తొలినాటి వ్రతస్థులను 'ఖ్యామా' బిడ్డలనేవారు. ఆ మాటకు ఒడంబడిక అని అర్థం. దాని ధాతువుకు 'నిలుచు' అని అర్థం. ఆ భాషలో పెరిగినవాడికి వ్రతమంటే నిలబడటమని తోచటం సహజం.

తరువాతి కాలం

సిమియోను దేహాన్ని సైనిక రక్షణతో అంతియొకయకు తరలించారు. దాన్ని రాజధానికి పంపమని లియో చక్రవర్తి కోరితే, భూకంపంలో తమ గోడలు కూలిపోయాయనీ, ఈ దేహమే తమకు ప్రాకారమనీ పౌరులు మొరపెట్టుకున్నారు. స్తంభం చుట్టూ అష్టకోణాకారపు ఆవరణ, దానికి నాలుగు దిక్కులా నాలుగు మందిరాలుగా విశాలమైన చర్చిని సుమారు 476-490 మధ్య నిర్మించారు. కాన్‌స్టాంటినోపుల్ దగ్గర డేనియల్ (409-493), అంతియొకయ దగ్గర చిన్న సిమియోను (521-592) ఆయన దారిలో నడిచారు.

ఆధునిక యూరప్ ఆయన్ని చాలావరకు వెక్కిరించింది. చరిత్రకారుడు గిబ్బన్ 1781లో దీన్ని మతోన్మాదానికి ఉదాహరణగా చూపాడు. 1842లో అచ్చయిన టెన్నిసన్ కవితలో సిమియోను వినయం చాటున గర్వం దాచుకున్నవాడు. ఈ విమర్శను తోసిపుచ్చనక్కరలేదు. గర్వమేమోనన్న అనుమానం గిబ్బన్‌కంటె పదమూడు వందల ఏళ్ళ ముందే ఎడారి పెద్దలకు కలిగింది. వాళ్ళు దానికి పరీక్ష కూడా కనిపెట్టారు.

ఆ చర్చి శిథిలాలు 2011లో ఉత్తర సిరియా ప్రాచీన గ్రామాలలో భాగంగా ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. 2013లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలో చేరాయి. 2016 మే నెలలో వైమానిక దాడికి దెబ్బతిన్నాయి. స్తంభంలో మిగిలింది పీఠమూ, దానిమీద ఒక బండరాయి మొదలూ మాత్రమే. యాత్రికులు తరతరాలుగా ముక్కలు చెక్కి తీసుకుపోవటం వల్ల అది తరిగిపోయిందని చెబుతారు.

పరభాషల నడుమ తరాలుగా తెలుగు నిలుపుకున్న కుటుంబాల పిల్లలు మీరు. నిలకడ గురించి మీకు ఇంట్లోనే ఎన్నో పాఠాలు అందివుంటాయి. పాత గ్రంథాల్లో ఏ సాధువు, ఏ వీరుడు ఎంతకాలం నిలిచాడని చదివినప్పుడు, ఆ కాలాన్ని లెక్కపెట్టటంతో ఆగిపోకండి. అతని కాలికి గొలుసు ఉందా, పెద్దలు పిలిస్తే దిగేవాడా, కింద నిలబడినవాళ్ళ మాట విన్నాడా అని కూడా అడిగి చూడండి. సిమియోను చరిత్రకారులు ఈ మూడు ప్రశ్నలకూ జవాబు రాసి పెట్టారు.