ఆహారపు అలవాట్ల దిద్దుబాటు (కొత్తకోట, పాలమూరు–నల్లగొండ మెట్ట ప్రాంతం)

కొత్తకోట వనపర్తి జిల్లాలో 44వ జాతీయ రహదారి మీద ఉన్న పట్టణం. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లాలోది. ఇక్కడి నుంచి నల్లగొండ దాకా పరచుకున్న మెట్ట నేలల్లో రెండు మూడు తరాల కిందటి ముఖ్యాహారం జొన్న. దాని వెనక సజ్జ, కొర్ర ఉండేవి. వరి అన్నం పండగలకూ చుట్టాలు వచ్చిన రోజులకూ పరిమితమని పెద్దలు చెప్పే మాట చాలా ఊళ్లకు సరిపోతుంది గానీ, చెరువు కింద ఊళ్లకు అంతగా సరిపోదు. నేడు మూడు పూటలా బియ్యమే. ఆహారాన్ని బాగుచేసుకోవాలనుకునే ఇక్కడి కుటుంబానికి మొదటి మెట్టు కొత్త తిండి కాదు, వదిలేసిన తిండిలో కొంత వెనక్కి తెచ్చుకోవడమే. అయితే ఆ పాత తిండికీ లోపాలున్నాయి.

జొన్న వెనకబడటానికి 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకమే కారణమని ఎక్కువ మంది రాస్తారు. అది పెద్ద కారణమే, కానీ ఒక్కటే కాదు. బోర్లు, కాలువలు వచ్చిన చోట వరి వచ్చింది. కొత్తకోటకు చేరువలోని సరళాసాగర్ వనపర్తి సంస్థానాధీశుల పూనికతో మొదలై 1959లో ప్రారంభమైంది. దాని స్వయంచాలక సైఫన్లు ఆసియాలోనే మొదటివని స్థానికంగా చెప్పుకుంటారు. ఇక మెట్ట చేలను పత్తి, వేరుశనగ ఆక్రమించాయి. పుస్తకాల్లో తక్కువగా కనిపించే కారణం పిట్టలు. ఊరంతా జొన్న వేసినప్పుడు పిట్టలు తినేది తలా కొంత. ఒక్క రైతే వేస్తే ఆ చేను మీదే వాలతాయి, మంచె వేసి కాపలా కాసే మనుషులూ ఇప్పుడు లేరు. వంటింటి శ్రమ సంగతీ మరవరాదు. అన్నం పొయ్యి మీద పెట్టి మరో పని చూసుకోవచ్చు, రొట్టె దగ్గర నుంచి మాత్రం కదలడానికి వీల్లేదు.

పోషకాల తేడా స్పష్టం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నలో మాంసకృత్తులు సుమారు 10 గ్రాములు, పీచు 10 గ్రాములు, ఇనుము 4 మిల్లీగ్రాములు. పాలిష్ బియ్యంలో అవి వరుసగా 8 గ్రాములు, 3 గ్రాములకు లోపు, 0.7 మిల్లీగ్రాములు. ధాన్యంలోని ఇనుమంతా ఒంటికి పట్టదన్నది వేరే మాట. పచ్చజొన్న రొట్టె తింటే షుగర్ పోతుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు. పీచు వల్ల అరుగుదల నెమ్మదించి కొంత మేలు జరగవచ్చు. మందులు మానేయడానికి అది సాకు కాకూడదు.

పాత తిండిని పొగిడేవారు సాధారణంగా పెల్లాగ్రా ఊసెత్తరు. ఎండ తగిలే చేతులు, పాదాలు, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేవడం, విరేచనాలు, ముదిరితే మతి తప్పడం దీని లక్షణాలు. జొన్న తప్ప మరేమీ దొరకని దక్కను పేదల్లో ఇది ఉండేది. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య దీనికి జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం కారణమని ప్రతిపాదించారు. తర్వాతి ప్రయోగాల్లో కొన్ని దాన్ని బలపరిచాయి, కొన్ని కాదన్నాయి. లూసిన్ పాత్ర ఎంతన్నది తేలకపోయినా, పప్పు, పాలు, పల్లీలు తోడైన ఇంట్లో ఈ జబ్బు అరుదన్న మాటే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది. పల్లీల్లో 100 గ్రాములకు సుమారు 12 మిల్లీగ్రాముల నియాసిన్ ఉంటుంది, పెల్లాగ్రాకు మందు అదే. రొట్టెలోకి పల్లీల కారం నూరుకునే పాలమూరు అలవాటు ఈ లెక్కన చాలా తెలివైనది.

నల్లగొండ వైపు చిక్కు నీళ్లలో ఉంది. అక్కడి ఫ్లోరైడ్ ప్రాంతంలో మోకాళ్లు లోపలికి వంగే వైకల్యాన్ని 1973లో కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి వర్ణించారు. జొన్న తినేవారిలో ఇది ఎక్కువని, జొన్నలోని మాలిబ్డినం శరీరం నుంచి రాగిని బయటికి పంపడం ఇందుకు కారణం కావచ్చని ఆనాటి పరిశోధకులు భావించారు. కాల్షియం లోటును ముందు పెట్టేవారూ ఉన్నారు. చింతపండు గురించి ఆసక్తికరమైన చిన్న అధ్యయనం ఒకటుంది. పోషకాహార సంస్థ పరిశోధకులు బడిపిల్లలకు రోజుకు 10 గ్రాముల చొప్పున 18 రోజులు చింతపండు ఇస్తే మూత్రంలో ఫ్లోరైడ్ విసర్జన పెరిగిందని 2002లో ప్రకటించారు. కాబట్టి పచ్చిపులుసు మంచిదే, కానీ శుభ్రమైన నీటికి అది బదులు కాదు.

మార్పు మొదలుపెట్టడానికి రాత్రి పూట అనువైనది. అన్నం స్థానంలో రెండు జొన్న రొట్టెలు చాలు. పిండి తాజాగా పట్టించుకోవాలి, పాతబడితే రొట్టె విరుగుతుంది. జొన్నలో గోధుమకున్న జిగురు లేదు కాబట్టి మరిగే నీళ్లు పోసి, చేయి పట్టేంత చల్లారాక అరచేతి కింది భాగంతో బాగా మెదపాలి. పొడిపిండి చల్లి తట్టి, పెనం మీద వేశాక పైవైపు తడిగుడ్డతో నీళ్లు పులిమి, ఆ తడి ఆరగానే తిరగేయాలి. ఇది చేతకాని ఇళ్లకు జొన్న రవ్వ ఉడికించి చేసే గట్క సులభం. తీరిక లేనివారికి పాలమూరు పట్టణాల్లో సాయంత్రం రొట్టెలు కాల్చి అమ్మే ఆడవాళ్లున్నారు.

రొట్టెకు తోడు పప్పు తప్పదు, అందులో పుంటికూరో గంగవాయిలి కూరో చింతచిగురో పడాలి. వానలు పడ్డాక చేలగట్లమీద దొరికే ఆకుకూరలకు ఖర్చు లేదు. పురుగుమందు కొట్టిన పత్తి చేలవి మాత్రం కోయకూడదు. పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు ధాన్యాల నుంచి వచ్చే శక్తి మొత్తంలో 45 శాతం దాటవద్దంటాయి. అంటే అన్నం పక్కన కూర కాస్త కాదు, కూర పక్కన అన్నం కాస్త. ఉప్పు రోజుకు 5 గ్రాములు మించవద్దని కూడా వాటి సలహా, నిలవ పచ్చడి ఇళ్లలో అన్నిటికన్నా కష్టమైనది బహుశా ఇదే. కొర్రలు, సామల విషయంలో మార్కెట్ ప్రచారమే ఎక్కువ. పాలిష్ పట్టినవైతే వాటి పీచు చాలావరకు పోయినట్టే.

2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద తెలంగాణలో రేషన్ కార్డు మీద తలకు నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా అందుతున్నాయి. జొన్నలు మాత్రం సొంత డబ్బుతో కొనుక్కోవలసిందే.