దారిచెట్టు – ఒక అభ్యంతర పత్రం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, పెన్షను సంగతులు, వైద్యం బిల్లుల సంగతులు వ్రాసేవారు చాలామంది వున్నారు గనుక నేను చెట్ల గురించి వ్రాస్తానన్నాను. ఆయన నవ్వి, "మీ వీధి గొడవేనా?" అన్నారు. అవును, అదే. కానీ ఆ గొడవ వెనుక రెండువేల సంవత్సరాలకు పైబడిన చరిత్ర వుంది. దానితోపాటు నా సర్వీసులో నేను చేసిన పొరపాటు ఒకటి వుంది. రెండూ చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

శ్రీకాకుళంలో మా వీధికి ఏడు చెట్లు. మూడు వేపలు, రెండు కానుగలు, ఒక నిద్రగన్నేరు, ఒక తురాయి. ఆదివారం ఎండలో అరసవిల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి నడిచి వెళ్ళేవారు నిద్రగన్నేరు కింద ఆగి, చెమట తుడుచుకొని, మా అరుగు మీద మంచినీళ్ళు తాగి వెళతారు. ఒకనాటి ఉదయం పాలకు బయలుదేరి చూస్తే ఏడు మానులకూ ఎర్రరంగుతో అడ్డగీతలు వున్నాయి. విచారిస్తే కాలువ కట్టి రోడ్డు వెడల్పు చేస్తారని, చెట్లు తీసేస్తారని తెలిసింది.

వీధిలో అందరూ బాధపడ్డారని వ్రాస్తే అబద్ధం అవుతుంది. ఆకులు కాలువలో పడుతున్నాయని కొందరు, వేళ్ళకు ప్రహరీ బీటలు వారిందని కొందరు సంతోషించారు. ఎదురింటి అబ్బాయి, "తాతగారూ, హుద్‌హుద్‌లో చూశాం కదా, తిత్లీలో చూశాం కదా! చెట్టు కారు మీద పడితే ఎవరిస్తారు?" అన్నాడు. అది కొట్టిపారవేయదగిన మాట కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మన ప్రాంతంలో ఎన్ని చెట్లను నేలకూల్చాయో అందరమూ చూశాము. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు పోయి రైతులు ఎంత ఏడ్చారో మరచిపోలేము.

అయినా అభ్యంతరం వ్రాయాలనే నిశ్చయించాను. వ్రాయడానికి కూర్చున్నాక మొదటి ప్రశ్న వచ్చింది. అసలు దారిచెట్టు ఎవరిది?

దీనికి పాత జవాబు మనకు దగ్గరలోనే వున్నది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు మన శ్రీకాకుళం గంజాం జిల్లాలోనిదే. ఆ గంజాంలో ఋషికుల్యా నది సమీపాన జౌగడ అనే చోట అశోకుని శాసనాలు బండమీద చెక్కి వున్నాయి. కళింగను రక్తంతో గెలిచిన రాజు, అదే కళింగ ప్రజలు చదువుకొనేటట్లు చెక్కించిన మాటల్లో ఒకటి – దారుల పొడవునా చెట్లు నాటించాను, బావులు తవ్వించాను, మనుషులూ పశువులూ వాటిని అనుభవించడానికి – అనే అర్థం గలది. పశువులను కూడా లెక్కలోకి తీసికొన్నాడు చూడండి. చెట్టు నాటించినది రాజు, నీడ మాత్రం దారిన పోయే ప్రాణిది. ఆనాటి నుంచి దారిచెట్టుకు వున్న హక్కుపత్రం ఇదే.

తరువాత కంపెనీవారి కాలం, దొరల కాలం వచ్చాయి. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే పెద్దరోడ్డు మన జిల్లా మీదుగా సాగింది. ఎడ్లబండ్లు, కావిళ్ళు, కాలినడకన జగన్నాథానికి పోయే యాత్రికులు – వీరందరికీ నీడే సత్రం. మద్రాసు రాజధానిలో రోడ్లవెంట మర్రి, రావి, చింత, మామిడి, నేరేడు పెంచేవారు. మర్రికి మొక్క కోసం చూడకుండా లావుపాటి కొమ్మను నరికి గొయ్యిలో పాతితే అదే వేరూనేది. పశువు మేయలేనంత ఎత్తున చిగుళ్ళు వచ్చేవి. తరువాత స్థానిక బోర్డులు, జిల్లా బోర్డులు వచ్చి, చెట్లకు నంబర్లు వేసి, రిజిస్టర్లలో ఎక్కించి, చింతపండుకు, మామిడికాయలకు ఏటేటా వేలంపాట పెట్టేవారు.

ఈ పాట వ్యవహారం నాకు స్వయంగా తెలుసు. 1967లో నేను సమితి ఆఫీసులో గుమాస్తాగా చేరినప్పుడు నాకు అప్పగించిన పనుల్లో ఎవెన్యూ చెట్ల రిజిస్టరు ఒకటి. పాటదారు ధరావతు కట్టాలి, కాయ కోసుకోవచ్చు గానీ కొమ్మ నరకరాదు, ఎండిన చెట్టునైనా అనుమతి లేనిదే ముట్టరాదు. నంబరు వున్న చెట్టు కనబడకపోతే సంజాయిషీ అడిగేవారు. అంటే దారిచెట్టు ప్రజలదే అయినా, దానికి లెక్క చెప్పవలసినవాడు ఒకడుండేవాడు. ఈ సంగతిని పాఠకులు గుర్తుపెట్టుకోవాలని మనవి.

1950 జులైలో కేంద్రమంత్రి కె.ఎం. మున్షీగారు వనమహోత్సవం ప్రారంభించారు. ఆ మరుసటి నెల 15న మన శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. జిల్లా, వనమహోత్సవం ఒక ఈడువే. ఆ పిదప ఏటా మొక్కలు నాటుతూనే వున్నాము. నాటిన మొక్క పేరు దినపత్రికలో వస్తుంది. నరికిన మాను పేరు ఎక్కడా రాదు.

ఇక నా పొరపాటు. సర్వీసు మధ్యలో ఒక రోడ్డు వెడల్పు కోసం వరుసగా వున్న చింతచెట్లు తీయవలసి వచ్చి, అభిప్రాయం కోరుతూ ఫైలు వచ్చింది. నేను ఆ దారిన సైకిలు మీద ఎన్నో ఏళ్ళు తిరిగినవాణ్ణి. నా జోళ్ళు తెగినప్పుడు, వాన పట్టినప్పుడు ఆ చెట్ల కింద నిలబడ్డవాణ్ణి. అయినా స్థలానికి వెళ్ళి చూడలేదు. "తొలగింపునకు అభ్యంతరం లేదు" అని కుర్చీలో కూర్చుని ముసాయిదా వ్రాసి పైకి పంపాను. వారం తిరక్కుండా మానులు పడ్డాయి. బదులు నాటవలసిన మొక్కల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. 2000 తరువాత స్వర్ణ చతుర్భుజి పథకంలో పెద్దరోడ్డును నాలుగు వరుసలు చేసినప్పుడు పాత నీడలు ఇంకా పోయాయి. రోడ్డు అవసరమే. నేనూ విశాఖకు తొందరగానే చేరుతున్నాను. కానీ ఏ చెట్టునైనా మిగల్చవచ్చునా అని అడగడానికి ఒక్క కాగితమైనా వ్రాయలేదే అన్న బాధ మాత్రం మిగిలింది.

ఇప్పుడు వ్రాయడానికి ఆధారం కూడా వుంది. 2002లో మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల చట్టం – వాల్టా – వచ్చింది. దాని ప్రకారం అధీకృత అధికారి అనుమతి లేనిదే చెట్టు కొట్టరాదు. కొట్టినందుకు బదులు నాటాలి. చెట్టు విలువ ఎంత అనే లెక్క కూడా వచ్చింది. పశ్చిమబెంగాల్ రైలు వంతెనల కోసం చెట్లు కొట్టే వ్యాజ్యంలో సుప్రీంకోర్టు నియమించిన కమిటీ 2021లో, చెట్టు వయస్సును ఏడాదికి 74,500 రూపాయల చొప్పున గుణించమన్నది. ఇది కమిటీ అంచనాయే, చట్టం కాదు. అయినా 60 ఏళ్ళ వేపకు 44 లక్షల 70 వేలు అవుతుంది. మనలో ఎవరికైనా గ్రాట్యుటీ అంత వచ్చిందా?

తెలంగాణలో హైదరాబాదు–బీజాపూరు రోడ్డు మీద చేవెళ్ల మర్రిచెట్ల సంగతి మరీ ధైర్యం ఇచ్చింది. సుమారు 900 మర్రులు. రోడ్డు వెడల్పుకు అవి అడ్డమన్నప్పుడు వృక్షాభిమానులు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్ళి ఏళ్ళ తరబడి పట్టు వదల్లేదు. చివరకు రోడ్డు నమూనానే మార్చి, ఎక్కువ చెట్లను వున్నచోటనే వుంచేలా 2025లో దారి ఏర్పడింది. రోడ్డూ వస్తుంది, మర్రీ వుంటుంది. అడిగినందువల్లనే గదా!

నేను వ్రాసిన అభ్యంతర పత్రం ఒకే పేజీ. మూడు ప్రశ్నలు. ఏడింటికీ అనుమతి తీసికొన్నారా? కాలువను రెండడుగులు జరిపితే ఎన్ని మిగులుతాయి? బదులు నాటే మొక్కలకు మూడేళ్ళు నీళ్ళు పోసేది ఎవరు? తుఫాను భయానికి కూడా జవాబు వ్రాశాను. ఒకవైపు వేళ్ళు నరికి, మొదలుదాకా సిమెంటు పోస్తే నీరూ గాలీ అందక, పట్టు చాలక చెట్టు పడుతుంది. మొదలు చుట్టూ మట్టి వదిలి, బరువు కొమ్మలను వానలకు ముందే కత్తిరిస్తే అపాయం తగ్గుతుంది అని. సంతకాలకు ఇంటింటికీ తిరిగాను. ఎదురింటి అబ్బాయి చివరన సంతకం చేసి, "కొమ్మలు మాత్రం కొట్టించాలి తాతగారూ" అన్నాడు. ఆ మాటా పత్రంలో చేర్చాను.

ఇంజనీరుగారు వచ్చి టేపు పెట్టి కొలిచారు. తొర్ర పట్టిన తురాయి, మలుపులోని ఒక కానుగ పోయాయి. ఐదు మిగిలాయి. కానుగను కొట్టిన రోజున నేను బయటకు రాలేదు. పోయిన రెండింటికి బదులు రెండు వేపమొక్కలు నాటారు. వాటికి సాయంత్రం పూట నీళ్ళు నేనూ, ఎదురింటి అబ్బాయి కూతురూ పోస్తున్నాము. వాటి నీడన నేను కూర్చోను. ఆ పిల్ల కూర్చుంటుంది.

మిత్రులారా, ఫైలు ఎలా నడుస్తుందో, ఏ కాగితానికి ఎవరు జవాబు చెప్పాలో మనకంటె బాగా తెలిసినవారు ఎవరు? మీ వీధి చెట్టుకు ఎర్రగీత పడితే తిట్టుకొని ఊరుకోవద్దు. స్థలానికి వెళ్ళి చూడండి, లెక్కపెట్టండి, గడువులోగా వ్రాయండి, రశీదు తీసికోండి. సర్వీసులో "అభ్యంతరం లేదు" అని నేను వ్రాసిన కాగితాలు ఎన్నో. "అభ్యంతరం వుంది" అని వ్రాసినది ఇదొక్కటే. దాని నకలు నా పెన్షను కాగితాలతోపాటు భద్రంగా దాచుకొన్నాను.