రెండో పేరుకు పిలుపు

సర్వీసులో ఉన్న రోజుల్లో ప్రమోషన్ ప్యానెల్ అంటే ఏమిటో మనందరికీ అనుభవమే. పై పేరు తప్పుకుంటే తప్ప కింది పేరుకు పిలుపు రాదు. ఫుట్‌బాల్ చరిత్రలోనూ ఇలాంటి ఘట్టం ఒకటుంది. 1992లో ఆఫీసులో భోజన విరామంలో పత్రిక చూసి మేమంతా చర్చించుకున్న ఆ సంగతిని మిత్రులకు మనవి చేస్తున్నాను.

ఆ ఏడాది యూరో కప్ స్వీడన్‌లో జరిగింది. ఆడే జట్లు ఎనిమిదే కనుక అర్హత పోటీల్లో గ్రూపుకు ఒక్క జట్టుకే అవకాశం. నాలుగో గ్రూపులో యుగోస్లావియా, డెన్మార్క్, ఉత్తర ఐర్లండ్, ఆస్ట్రియా, ఫారో దీవులు ఉన్నాయి. తమ దేశంలో పచ్చిక మైదానం లేని ఫారో జట్టు స్వీడన్‌లోని లాండ్స్‌క్రోనాలో ఆడి, 1990 సెప్టెంబరు 12న ఆస్ట్రియాను 1-0తో ఓడించి అందరినీ నివ్వెరపరచింది. చివరకు యుగోస్లావియాకు 14 పాయింట్లు, డెన్మార్క్‌కు 13. ఒక్క పాయింటు తేడాతో డెన్మార్క్ ఆశ వదులుకుంది.

యుగోస్లావియా మనకు కొత్త కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీఫైనల్లో, మన హైదరాబాదు రహీం సాబ్ తీర్చిదిద్దిన భారత జట్టును 4-1తో ఓడించింది వారే.

అయితే 1991 నుండి ఆ దేశం అంతర్యుద్ధంతో ముక్కలైంది. కోచ్ ఇవిత్సా ఓసిమ్ స్వస్థలం సరయేవో. ఆ నగరం ముట్టడిలో ఉండగా ఆయన 1992 మే నెలలో పదవికి రాజీనామా చేశారు. మే 30న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి విధించిన ఆంక్షలు క్రీడలకూ వర్తించాయి. పోటీలు జూన్ 10న ప్రారంభం. అప్పటికే స్వీడన్ చేరిన యుగోస్లావియా జట్టు వెనుదిరిగింది. డెన్మార్క్‌కు పిలుపు వచ్చింది.

తగిన వ్యవధి లేకుండా వచ్చిన ఆ జట్టు ఫ్రాన్స్‌ను గెలిచి, సెమీఫైనల్లో నెదర్లాండ్స్‌ను పెనాల్టీలలో దాటి, జూన్ 26న గోథెన్‌బర్గ్ ఫైనల్లో జర్మనీని 2-0తో ఓడించింది. గోల్‌కీపర్ ష్మైకెల్ పేరు ఇంటింటా మారుమ్రోగింది.

డెన్మార్క్ విజయాన్ని లోకమంతా మెచ్చుకుంది. మెచ్చుకోదగినదే. అయినా నాకు ఆ మొదటి పేరు వారే గుర్తొస్తారు. ఎనిమిది ఆటల్లో ఏడు గెలిచిన ఆటగాళ్లు చేసిన తప్పేమీ లేదు. యుద్ధం చేసినవారు వేరు, శిక్ష పడినది వీరికి. సరయేవోలో ప్రాణాలు పోతుంటే ఆట ఒక లెక్కా అని ఆనాడు ఒక సహోద్యోగి అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. నేటికీ లేదు. అందుకే మా మనవలకు ఈ కథ చెప్పేటప్పుడు కప్పు గెలిచినవారితో పాటు గ్రూపులో మొదట నిలిచినవారి పేరు కూడా తప్పక చెబుతుంటాను.