అరువు తెచ్చుకొన్న ప్రోగ్రాములు

కంప్యూటరుకు ప్రోగ్రాము వ్రాయువాడు ప్రతి పనిని తానే మొదటినుండి వ్రాయడు. వర్గమూలము కనుగొనుటకో, తేదీలు లెక్కించుటకో ఇతరులు వ్రాసియుంచిన భాగమును తెచ్చి చేర్చుకొనును. అట్టి భాగమును మాడ్యూలు అందురు. ఈ అలవాటు కంప్యూటరుతోపాటే పుట్టినదనవచ్చును. 1949 మే నెలలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎడ్సాక్ అను యంత్రము పని ప్రారంభించెను. అచ్చట విల్క్స్, వీలర్, గిల్ అనువారు తరచు కావలసివచ్చు లెక్కలను కాగితపు టేపులపై రంధ్రములుగా వేయించి బీరువాలో భద్రపరచిరి. అవసరమైనవాడు ఆ టేపుకు నకలు తీసి తన టేపులో చేర్చుకొనెడివాడు.

ఇంటర్నెట్టు వచ్చిన పిదప ఆ బీరువా ప్రపంచమంత అయినది. పెర్ల్ భాషకు 1995లో సీపాన్, పైథానుకు 2003లో పైపీఐ, జావాస్క్రిప్టుకు 2010లో ఎన్‌పీఎం ఏర్పడినవి. చిక్కు ఇచ్చటనే కలదు. మనము తెచ్చుకొన్న మాడ్యూలు మరి రెండింటిపై ఆధారపడవచ్చును. అవి ఇంకను కొన్నింటిపై. 2008లో వచ్చిన పిప్ వంటి సాధనము ఈ గొలుసునంతటిని తానే వెదకి తెచ్చి అమర్చును. విద్యార్థి అడిగినది ఒక పేరు. దిగునవి పది కావచ్చును. కృష్ణాజిల్లా గూడూరు రైతు చేనికి నీరు పిల్లకాలువనుండి వచ్చును. పిల్లకాలువకు పెద్దకాలువ, దానికి విజయవాడ వద్ద కృష్ణ. ఎగువ నీరు కట్టినచో చేను ఎండును. అయితే రైతుకు ఎగువ ఏమున్నదో తెలియును. ప్రోగ్రాము వ్రాయువానికి తరచు తెలియదు.

2016 మార్చి 22న ఇది బయటపడినది. ఒక పేరు విషయమై తగవు వచ్చి, ఒక రచయిత తన మాడ్యూళ్లను ఎన్‌పీఎం నుండి తీసివేసెను. వానిలో లెఫ్ట్‌ప్యాడ్ అనునది పదునొకండు పంక్తులది. మాటకు ఎడమవైపున ఖాళీలు చేర్చుటయే దాని పని. ఎవరైనను కొద్దిసేపటిలో వ్రాసికొనవచ్చును! బేబెల్ వంటి పెద్ద సాధనములు గొలుసులో ఎక్కడనో దానిపై ఆధారపడియున్నందున, ఆ పేరైనను విననివారి పనులు కూడ ఆగిపోయెను. కొన్ని గంటలలోనే దానిని మరల యథాస్థానమున ఉంచిరి. పిదప మాడ్యూళ్లను తీసివేయు నియమములను బిగించిరి.

మనము తెచ్చి అమర్చనివి, యంత్రముతోనే వచ్చునవియు గొలుసులో భాగములే. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరము దీనిని చూపినది. సంయుక్తాక్షరమునకును దీర్ఘమునకును నడుమ కంటికి కనపడని సంకేతమొకటి చేరి వచ్చినచో, ఐఫోనులో వాట్సాప్ వంటి ప్రోగ్రాములు కుప్పకూలెను. తప్పు వానిలో లేదు; అక్షరములను తెరపై పేర్చుటకు అవన్నియు ఆధారపడిన ఆపిల్ వారి భాగములో ఉన్నది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఆ ఒక్కచోట సరిదిద్దగా అన్ని ప్రోగ్రాములును బాగుపడినవి.