నిజాం పైసలతో ఎగిరిన విమానాలు, దారి చూపిన వెనక సీటు

ఫోన్‌లో మ్యాప్ బంద్ చేసి నల్లగొండ నుంచి పాలమూరు పోవాలంటే ఏం చేస్తాం? దేవరకొండలో ఒకర్ని అడుగుతాం, కల్వకుర్తిలో ఇంకొకర్ని, జడ్చర్లలో మరొకర్ని. మరి ఆకాశంలో ఎవర్ని అడగాలి? ఆ పని కోసమే విమానంలో ఒక మనిషి ఉండేవాడు. ఆయనే నావిగేటర్. ఈ ఎపిసోడ్ ఆయన గురించి.

కథ మన గడ్డకు దగ్గరనే మొదలైతది. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ అనే బాంబర్ విమానాలు నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కానుకగా వచ్చినయ్. అందుకే దాని పేరు 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. కానుక నిజాందే కావచ్చు, కానీ ఆ రాజ్యానికి పెద్ద ఆదాయం భూమి శిస్తు. అందులో మన నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులు కట్టింది కూడా ఉన్నది. వాళ్లలో ఎందరికి విమానం అంటే ఏందో తెలుసో!

1918 సెప్టెంబర్‌లో ఈ విమానాలు ఫ్రాన్స్ నుంచి జర్మనీ మీదికి ఎగిరినయ్. ముందు సీట్ల పైలట్, వెనక సీట్ల అబ్జర్వర్. తుపాకీ పట్టేది ఆయనే, కింద రైలు పట్టాలు, నదులు చూసి మ్యాప్‌తో పోల్చేది కూడా ఆయనే. మబ్బు కమ్మితే ఇగ లెక్కలే దిక్కు.

ఆ లెక్క ఏందో మన ఊర్లతోనే చూద్దాం. నల్లగొండ నుంచి పాలమూరు గాలిదారిన దాదాపు 140 కిలోమీటర్లు. గంటకు 160 స్పీడ్‌తో పోతే సుమారు 53 నిమిషాలు. ఇప్పుడు పక్క నుంచి గంటకు 20 కిలోమీటర్ల గాలి కొడుతుందనుకోండి. విమానం ముక్కు సరిగ్గా పాలమూరు వైపే ఉన్నా, చేరేసరికి సుమారు 17.5 కిలోమీటర్లు పక్కకు పోయుంటరు. కింద ఊరే కనబడదు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో, చిన్న ఎర్రర్ ప్రతి లూప్‌లో పేరుకుపోయినట్టు. దిక్సూచి, గడియారం, స్పీడు, గాలి, ఈ నాలుగింటితో స్థానం కట్టడాన్నే డెడ్ రెకనింగ్ అంటరు.

అన్నిసార్లు తిరిగి రాలేదు కూడా. నిజాం పేరు రాసి ఉన్న ఒక విమానం, 'హైదరాబాద్ నంబర్ 12ఏ', 1918 అక్టోబర్‌లో జర్మన్లకు చిక్కింది. ఇప్పుడది ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో ఉంది. మన శిస్తు అక్కడ అద్దాల వెనక నిలబడ్డట్టే అనిపిస్తది నాకు.

రెండో యుద్ధంలో ఇదే స్క్వాడ్రన్ బర్మాలో మస్కిటో విమానాలు నడిపింది. ఈసారి నావిగేటర్ పైలట్ పక్కనే కూర్చున్నాడు. అప్పటికే యూరప్‌లో 'జీ' అనే రేడియో పద్ధతి వచ్చింది. నేల మీది స్టేషన్ల సిగ్నల్స్ ఎంత తేడాతో అందినయో చూసి స్థానం పట్టుడు. జీపీఎస్‌కు తాత అనుకోండి.

స్వతంత్రం తర్వాత మన ఎయిర్‌ఫోర్స్‌కు 1957లో కాన్‌బెర్రాలు వచ్చినయ్. వాటిలో నావిగేటర్ లేకుండా పని జరగదు. 1999 మే 21న కార్గిల్ ప్రాంతంలో ఫొటోలు తీస్తున్న కాన్‌బెర్రాకు మిసైల్ తగిలింది. పైలట్ పెరుమాళ్, నావిగేటర్ ఝా ఒక్క ఇంజన్‌తోనే శ్రీనగర్‌లో దింపారు. అదే యుద్ధంలో ఒక సీటు మిగ్-21 పైలట్లు చేతిలో పట్టుకునే జీపీఎస్, స్టాప్‌వాచ్‌తో రాత్రిపూట బాంబులు వేశారు. అంటే నావిగేటర్ పని అరచేతి డబ్బాలోకి వచ్చేసింది. కాన్‌బెర్రాలు 2007లో రిటైర్ అయినయ్.

మరి ఆ మనుషులు? ఆటోమేషన్ భయం మా ఐటీలోనే పుట్టలేదు బ్రదర్. బేగంపేటలో నావిగేషన్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది, కానీ పని మారింది. సుఖోయ్ వెనక సీట్ల కూర్చునేవాళ్లు దారి కన్నా ఎక్కువగా రాడార్, ఆయుధాలు చూస్తరు. 2022లో ఎయిర్‌ఫోర్స్ ఏకంగా వెపన్ సిస్టమ్స్ బ్రాంచ్ ప్రకటించింది.

ఇక్కడే నాకు డౌట్. శాటిలైట్ సిగ్నల్ చాలా బలహీనం, జామ్ చేయొచ్చు, తప్పుడు సిగ్నల్ పంపి దారి మళ్లించొచ్చు. అందుకే మన సొంత నావిక్. అది కూడా సాఫీగా లేదు: మొదటి శాటిలైట్‌లో అటామిక్ గడియారాలే పాడయినయ్, 2025 జనవరిలో శ్రీహరికోట నుంచి పోయిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. హైదరాబాద్ ఆర్‌సీఐలో ఇనర్షియల్ నావిగేషన్ మీద పనిచేసేది కూడా ఇందుకే. బయటి సిగ్నల్ ఏదీ అడగకుండా, తన కదలికను తనే కొలుచుకుంటూ స్థానం లెక్కగట్టే యంత్రం అది. అంటే వెనక సీట్ల అబ్జర్వర్ చేసిన డెడ్ రెకనింగే, మనిషి బదులు సెన్సర్లతో.

మీ ఇంట్ల ఎవరైనా ఎయిర్‌ఫోర్స్‌లో నావిగేటర్‌గా చేశారా? వాళ్లు వాడిన మ్యాపులు ఇంకా ఉన్నాయా? కామెంట్‌లో రాయండి.