సర్పంచి కాగలడు, బడి కమిటీకి ఎన్నిక కాలేడు

విశాఖపట్నం దగ్గరి సబ్బవరంలో 21 ఏళ్లు నిండిన యువకుడు సర్పంచి పదవికి నామినేషన్ వేయవచ్చు. మండల పరిషత్తుకు, జిల్లా పరిషత్తుకు కూడా పోటీ చేయవచ్చు. నిన్నమొన్నటిదాకా తాను చదివిన బడి కమిటీకి మాత్రం తల్లిదండ్రుల ఓటుతో ఎన్నిక కాలేడు. అందుకు అతని బిడ్డో, అతని సంరక్షణలో ఉన్న పిల్లవాడో ఆ బడిలో చదువుతుండాలి. ఈ అడ్డు ఎవరో పనిగట్టుకుని పెట్టింది కాదని నా అభిప్రాయం. ఊరి బడి మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్నకు మనం ఒక్కో కాలంలో ఒక్కో జవాబు చెప్పుకుంటూ వచ్చాం. ఏ జవాబులోనూ, అప్పుడే బడి విడిచినవాడు ఎవరికీ గుర్తుకు రాలేదు.

మొదట్లో డబ్బు ఇచ్చినవాడిదే మాట. మద్రాసు గవర్నర్ థామస్ మన్రో 1826లో తేల్చిన లెక్క ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో 12,498 బడులున్నాయి. వాటిలో చాలావరకు వీధిబడులే. పిల్లల పెద్దలిచ్చే జీతం, దసరాకు పిల్లలను వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చే సంభావన, ఇవే అయ్యవారి బతుకుతెరువు. 1871 నాటి లోకల్ ఫండ్ చట్టంతో రోడ్లతో పాటు బడులకూ స్థానిక పన్ను డబ్బు చేరింది. 1884 నాటి స్థానిక బోర్డుల చట్టం జిల్లా బోర్డులను, తాలూకా బోర్డులను ఏర్పరచింది. ఎన్నికలొచ్చాక కూడా ఓటు ఆస్తి ఉన్నవారికీ పన్ను కట్టేవారికీ పరిమితమైంది. పిల్లవాణ్ని బడికి పంపే కూలీకి ఆ బోర్డులో గొంతు లేదు. 1934లో తాలూకా బోర్డులు రద్దయ్యాయి. అసలైన మార్పు 1959 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలవడంతో వచ్చింది. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితులకు, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తులకు దక్కాయి. తర్వాత సమితుల స్థానంలో మండల పరిషత్తులు వచ్చాయి. నేటికీ బడి బోర్డుల మీద కనిపించే ‘మండల పరిషత్’, ‘జిల్లా పరిషత్’ అన్న మాటలు ఆ చరిత్రకు గుర్తులే. పన్ను చెల్లించేవాడి స్థానంలోకి పౌరుడు వచ్చాడు. కానీ బడి సంగతి రోడ్లు, బావులు, రుణాల నడుమ ఒక పద్దుగా మిగిలింది.

ఆ లోటు తీర్చడానికే 1998లో రాష్ట్రం సామాజిక భాగస్వామ్య చట్టం తెచ్చి తల్లిదండ్రులను పాఠశాల కమిటీల్లోకి పిలిచింది. 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 21వ సెక్షన్‌లో, కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలనీ, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలనీ చెప్పింది. కూలికి పోయే తల్లి హెడ్మాస్టరు పక్కన కూర్చుని నిధుల లెక్క అడగగలగడం చిన్న విషయం కాదు. తల్లిదండ్రుల ఆ వాటాను తగ్గించమని నేను అనను.

బిడ్డ లేనివాడికి బడితో పనేమిటని అడగవచ్చు. కానీ మరుగుదొడ్డికి నీళ్లు రాని రోజులు, లెక్కల మాస్టారి ఖాళీ నిండకపోయిన ఏడాది, పదో తరగతి తర్వాత దారి తెలియక చదువు మానేసిన తోటివాళ్లు, ఇవన్నీ తాజాగా తెలిసింది అప్పుడే బడి విడిచిన అతనికే. తల్లికి తెలిసేది బిడ్డ ఇంటికొచ్చి చెప్పినంత. కుర్రాళ్లొస్తే పార్టీలొస్తాయన్న భయం ఇంకొకటి. దీన్ని కొట్టిపారేయలేం. అయితే తల్లిదండ్రులకు మాత్రం పార్టీలు లేవా? పైగా పార్టీ గుర్తుల మీద మండల పరిషత్తుకు పోటీ చేయనిచ్చినవాణ్ని బడి దగ్గర మాత్రం అనుమానించడం పొసగదు. ఇక చిన్న వయసు, అనుభవం చాలదన్న మాట. సబ్బవరంలోని న్యాయ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన దామోదరం సంజీవయ్య, పంచాయతీరాజ్ మొదలైన రెండున్నర నెలలలోపే, 1960 జనవరిలో, 38 ఏళ్లకు ముఖ్యమంత్రి అయ్యారు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 18 ఏళ్లవారు స్కూల్ బోర్డుకు పోటీ చేస్తున్నారు.

తల్లిదండ్రుల మూడొంతులను తాకనక్కర్లేదు. కేంద్రం 2010లో ఇచ్చిన నమూనా నియమాలు మిగిలిన పావు భాగంలో మూడో వంతును స్థానిక విద్యావేత్తలకో, ఆ బడి పిల్లలకో కేటాయించి, ఎవరన్నది తల్లిదండ్రులకే వదిలాయి. ఆ వాక్యంలో ‘ఇటీవల బడి విడిచిన పూర్వ విద్యార్థి’ అన్న మాట చేరిస్తే, ఆ యువకుడు ఓటడగాల్సింది ఆ తల్లులనే.